జోరాన్ కట్టిన గాంధారం

పోయిన శుక్రవారం మధ్యాహ్నం అల్ ఖోబర్‌లో మా అమ్మాయి ఇంటికి ఒక సెర్బియా పిల్ల వచ్చింది. పేరు యెలేనా. ముప్పై లోపు వయసు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, మెడలో గుర్తింపు కార్డు. దమ్మామ్ సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు కచేరీలు జరుగుతున్నాయి, వాటికి సౌండ్ ఇంజనీరుగా వచ్చిందట. వచ్చీ రాగానే చెప్పులు విప్పి, సోఫా ఉండగా నా ఎదురుగా నేల మీద కూర్చుని, సంచీలోంచి ఒక పాత క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది. దాని అట్ట మీద నా పేరు, మా పాత పోస్టు బాక్సు నంబరు, అల్ ఖోబర్ అని గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఆ అక్షరాలు మా నాన్నగారివి. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. ఆ చేతిరాత చూసేసరికి నేను మంచినీళ్ళు ఇవ్వడం కూడా మరిచిపోయాను.

ఆ అట్టను ఫొటో తీసి ఖోబర్‌లోని మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించిందట. రెండు గంటల్లో అది ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మా అమ్మాయి ఫోనుకు వచ్చింది. మా అమ్మాయి ఇక్కడ డాక్టరు. నేనూ మా ఆయనా చలికాలం మూడు నెలలు దాని దగ్గరికి వచ్చి, ఎండలు ముదరకముందే విజయనగరం వెళ్ళిపోతుంటాం. "అమ్మా, నీ పేరు మీద ఎవరో క్యాసెట్టు పట్టుకుని తిరుగుతున్నారు, ఏం చేశావు?" అని ఫోను చేసింది. ఏం చేశానో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

యెలేనా ఎవరో కాదు, ఒకప్పుడు ఇక్కడ మా పక్కింట్లో ఉన్న జోరాన్ గారి మనవరాలు. ఆయన పోయిన ఏడాది శీతాకాలంలో పోయారు. బెల్‌గ్రేడ్‌లో రాక్ అండ్ రోల్ మొదలుపెట్టిన మొదటి తరం వాళ్ళ గురించి ఒక చిన్న ప్రదర్శన పెడుతున్నారు. అందులో ఆయన గిటారు ఉంచుతారు, పక్కన ఆయన జీవితం గురించి నాలుగు పేరాలు రాస్తారు. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ గిటారులో తీగల కింద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో ఒకటి పక్కకి జరిగి ఉంది. ఒక్క తీగ కింద మాత్రం ఆ లోహపు ముక్కను కోసి, వెంట్రుకవాసి వెనక్కి జరిపి అతికించారు. బాగుచేసే ఆయన అది పొరపాటు, సరిచేస్తానన్నాడు. రాసే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. జోరాన్ చివరి రికార్డులో ఒక స్వరం ప్రతిసారీ కాస్త కిందికి పడుతుందట. అంటే ముసలితనంలో ఆయనకి చెవి పోయిందని అర్థం, అదే రాస్తానన్నాడు. మధ్యలో సౌదీలో గడిపిన ఆరేళ్ళకు "సంగీతానికి దూరంగా, ఎడారిలో" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

"చనిపోయే వారం ముందు కూడా మంచం మీద నుంచే చప్పుడు విని, వచ్చేది ఎన్నో నంబరు ట్రామో చెప్పేవాడు తాతయ్య," అంది యెలేనా. ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. "అలాంటి మనిషికి చెవి పోయిందని రాసి అద్దాల పెట్టెలో పెడతారట. రేపు పొద్దున్నలోగా నేను కాదనకపోతే ఆ మెట్టు తీసేస్తారు. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. ఈ క్యాసెట్టు తప్ప. ఇందులో ఒకావిడ ఏదో భాషలో మాట్లాడుతుంది. తాతయ్య దీన్ని తన రికార్డుల మధ్య దాచుకున్నాడు."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుని కాఫీ పెట్టడానికి లేచాను. ఆ పిల్లకి చెప్పినదంతా ఇక్కడ కూడా రాస్తున్నాను. ఆ ఆరేళ్ళ గురించి ఎవరైనా రాయవలసి వస్తే, ఆ పని నాదే.

నేను ఖోబర్ వచ్చేటప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి ఏడాది. మా ఆయన జుబైల్‌లో కొత్తగా కడుతున్న ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. పొద్దున చీకటితో కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం అయిదింటికి దిగేవారు. అమ్మ నాకు తన వీణ ఇచ్చి పంపింది. బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన వీణ అది. అమ్మ సభల్లో వాయించిన మనిషి కాదు. వంటిల్లు సర్దుకుని, స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వీణ కుండ మీద రెండు వేళ్ళతో ఒకసారి తట్టి, అప్పుడు కూర్చునేది. ఆ సమయంలో పాలవాడు వచ్చినా, పక్కింటివాళ్ళు వచ్చినా వీధరుగు మీద కూర్చుని ఆగాల్సిందే. స్నానం చెయ్యకుండా దాన్ని ఎవరూ ముట్టకూడదు. మా నాన్నగారు స్నానం చేసి కూడా ముట్టడానికి భయపడేవారు. నలభై అయిదు దాటేసరికి కీళ్ళవాతం వచ్చి అమ్మ వేళ్ళు వంగడం మానేశాయి. నన్ను పంపేటప్పుడు ఒక్కటే షరతు పెట్టింది. "నెలకోపాలి వాయించి క్యాసెట్లో పంపాల. నాను ఇంటాను," అంది. విజయనగరంలో ఎన్నేళ్ళు చదువుకున్నవాళ్ళ మధ్య ఉన్నా అమ్మ మాట మాత్రం పల్లె మాటే.

ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళందరూ క్యాసెట్టు ఉత్తరాలు పంపుకునేవాళ్ళు. టేపు రికార్డరు ముందు కూర్చుని చెప్పవలసిందంతా చెప్పి, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. అక్కడి నుంచి కూడా అలాగే వచ్చేవి. మాటల వెనకాల కాకులు, రుబ్బురోలు, మా నాన్నగారి దగ్గు, తలుపు గొళ్ళెం చప్పుడు అన్నీ వినపడేవి. మాటలకంటే అవే నాకు ఎక్కువ ఇష్టం. ఇప్పుడు మేము విజయనగరంలో ఉన్నన్నాళ్ళూ మా మనవడు వీడియో కాల్‌లో రోజూ కనపడతాడు, కానీ "హాయ్ అమ్మమ్మా, బై అమ్మమ్మా" తప్ప ఏమీ గుర్తుండదు. మా నాన్నగారి దగ్గు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక వీణ సంగతి. విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన పెట్టె తెరిచి, దాన్ని అటూ ఇటూ చూసి కనుబొమలు ముడిచాడు. మా ఆయన కంగారుగా "ఊద్, ఊద్, మీ ఊద్ లాంటిదే" అని అరబ్బుల తీగవాద్యం పేరు చెప్పారు. ఆయన ఒక తీగ మీటాడు, నవ్వాడు, పొమ్మన్నాడు. అంత గండం గట్టెక్కిన ఆనందంలో మా ఆయన స్నేహితుడి కారులో వీణను వెనక సీటు మీద, అద్దం కింద పడుకోబెట్టి, దారిలో ఖోబర్ బజారులో ఆగుదామన్నారు. ఇంట్లో గిన్నె కూడా లేదు మరి. "అయిదు నిమిషాలు," అన్నారు. మేము కొట్లోకి వెళ్ళామో లేదో నమాజు వేళయింది. కొట్టువాడు షట్టరు దించి, మమ్మల్ని లోపలే కూర్చోమని స్టూళ్ళు వేశాడు. చల్లటి ఏసీలో స్టీలు గిన్నెలు ఏరుకుంటూ, కొత్త కాపురం కబుర్లు చెప్పుకుంటూ ముప్పావుగంట హాయిగా గడిపాం. బయట జూలై ఎండలో కారు, కారులో అమ్మ వీణ. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

వీణ మెట్లు చెక్కకు మేకులు కొట్టి బిగించేవి కావు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, రెండు గట్లు పోసి, వాటి మీద ఇరవై నాలుగు మెట్లూ చెవితో వింటూ నిలబెడతారు. దాన్ని మేళం కట్టడం అంటారు. ఇంటికొచ్చి వీణ మీది గుడ్డ గవుసెన విప్పి చూద్దును కదా, నల్లటి మైనం పాకంలా కారి దండి మీద పరుచుకుంది. మెట్లు కొన్ని మునిగిపోయాయి, కొన్ని పక్కకి వాలాయి. పళ్ళూడిన దువ్వెనలా ఉంది. నేను మూడు రోజులు ఏడ్చాను. మా ఆయన మూడు రోజులూ విసనకర్రతో దానికి విసురుతూ కూర్చున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది.

అమ్మకి నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. మొదటి నెల క్యాసెట్టులో ఉత్త కబుర్లు చెప్పి పంపాను. రెండో నెల జలుబు చేసిందన్నాను. జలుబు చేస్తే పాట ఆగుతుంది గానీ వీణ ఎందుకు ఆగుతుందో నాకే తెలియదు. అమ్మ జవాబు రెండే ముక్కలు. "కబుర్లు సాల్లే. ఈణేదీ?"

మా పక్క ఇంట్లో జోరాన్ గారు ఉండేవారు. అప్పుడాయనకి నలభై దగ్గర. మా ఆయన ప్లాంటులోనే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను. భార్య, కూతురు బెల్‌గ్రేడ్‌లో ఉండిపోయారు. పొడుగ్గా, కాస్త వంగి నడిచేవారు. ఆయన ఇంట్లోంచి ప్రతి గురువారం ఎర్ర మిరపకాయలు కాల్చిన కమ్మటి వాసన వచ్చేది. కారం లేని లావు మిరపకాయలవి. వాటిని పొయ్యి మీద కాల్చి, తొక్క తీసి, నూనెలో మగ్గపెట్టి పచ్చడి చేసేవారు. అయ్‌వార్ అనేవారు దాన్ని. ఒకరోజు ఆ పచ్చడి సీసా ఇవ్వడానికి వచ్చి, చాప మీద పడుకున్న వీణను చూశారు.

"కాలిపోయిందా?" అన్నారు.

"కరిగిపోయింది," అన్నాను.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, వేలి కణుపుతో కుండ మీద తట్టి, చెవి ఆనించి విన్నారు. తట్టే తీరు అచ్చం అమ్మదే. "చెక్కకి ఏమీ కాలేదు. ఏడుపు వల్ల మైనం గట్టిపడదు, కోమ్షినిత్సా. వేడినీళ్ళు పెట్టు," అన్నారు. కోమ్షినిత్సా అంటే వాళ్ళ భాషలో పొరుగింటావిడ. ఆరేళ్ళలో నన్ను ఆయన ఇంకో పేరుతో పిలవలేదు.

ఆయన ఎవరో మాకు తెలిసింది ఆ పని చేసిన మూడు సాయంత్రాల్లోనే. ఆయన తండ్రి బెల్‌గ్రేడ్‌లో దర్జీ. పిల్లవాడిగా ఉన్నప్పుడు దేశం కాని దేశపు రేడియోలో గిటారు విని మతి పోయిందట. ఆ ఊళ్ళో కరెంటు గిటారు కొనడానికి దొరకదు. అందుకని వాళ్ళమ్మ రొట్టెల పిండి వత్తే పీటను కోసి గిటారు చేశారు. మెట్లు ఎక్కడ పెట్టాలో తండ్రి టేపుతో కొలిచి గీశారు. శబ్దం పట్టే మైకు కోసం వీధి చివర టెలిఫోను పెట్టెలో రిసీవరు మూత విప్పి, లోపలి బిళ్ళ జేబులో వేసుకొచ్చారు. "ఆ ఏడాది మా పేటలో ఎవరు ఫోను చేసినా అవతలివాళ్ళకి వినపడేది కాదు. మా వీధిలో నలుగురం గిటారు వాయించేవాళ్ళం మరి," అని నవ్వేవారు. ఆ గిటారును ఇంట్లో రేడియోకి తగిలించి మొదటిసారి మోగించినప్పుడు వాళ్ళ నాన్నగారు కత్తెర కింద పడేసి, ఎవరో చచ్చిపోతున్నారనుకుని వీధిలోకి పరిగెత్తారట.

తర్వాత విద్యార్థుల హాళ్ళలో డాన్సు సాయంత్రాలు, కిక్కిరిసిన జనం, పేపర్లలో తిట్లు. నాలుగు పాటలతో ఒక చిన్న రికార్డు వచ్చింది. దాని అట్ట మీద ఆయన పేరు తప్పు పడింది. సైన్యంలో చేరాల్సిన వయసొచ్చి జుట్టు కత్తిరించారు. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చేసరికి కొత్త కుర్రాళ్ళు కొత్త గిటార్లతో వచ్చేశారు. ఇరవై ఎనిమిదేళ్ళకే పాత కాలపు మనిషి అయిపోయారు. చివరి కచేరీకి ఏడుగురు వచ్చారట, అందులో ఇద్దరు మేనత్తలు. "మేనత్తలు కూడా మధ్యలో లేచి వెళ్ళారు," అనేవారు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. గిటారు బీరువా మీద పెట్టేసి, రేడియోలు విప్పిన చేత్తో మీటర్లు, గేజీలు సరిచేసే ఉద్యోగంలో చేరారు. పదేళ్ళుగా తీగ ముట్టలేదు.

మాకు గడువు దగ్గరపడింది. మా ఆయన ఆఫీసులో రెడ్డిగారు బుధవారం రాత్రి విమానంలో ఇండియా వెళ్తున్నారు, ఆయన చేతికి వీణ వాయించిన క్యాసెట్టు ఇవ్వాలి. పాత మైనం చాలలేదు. మా ఆయన బజారులో యెమెన్ తేనె అమ్మేవాడి దగ్గర తేనెపట్టు కొనుక్కొచ్చారు, కోళ్ళు కాల్చే కొట్లోంచి బొగ్గులు తెచ్చారు. నా కొత్త ఇడ్లీ పాత్రలో మైనం మరిగింది. ఆ తర్వాత ఏడాది పాటు మా ఇడ్లీలకు కొవ్వొత్తి వాసన. కిటికీలు బిగించి, తలుపు కింద తువ్వాలు కుక్కేవాళ్ళం. ఆ కాలంలో ఇంట్లో వాయించుకున్నది వీధిలోకి వినపడితే బాగుండదు. ఏసీ మోత మాకు పెద్ద అండ.

జోరాన్ గారు ప్లాంటులో వాడే కొలత పరికరం, జేబు కాలిక్యులేటరు తెచ్చారు. తీగ పొడవును పద్దెనిమిదితో భాగించి, అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్ళీ పద్దెనిమిదితో భాగించి రెండో మెట్టు. రొట్టెల పీట గిటారుకి చిన్నప్పుడు నేర్చుకున్న లెక్క అది. ఆయన భాగిస్తుంటే మా ఆయన కాగితం మీద వేసేవారు, నేను మెట్టు నిలబెట్టేదాన్ని. షడ్జమం బాగుంది, రిషభం బాగుంది. మూడో స్వరం, గాంధారం దగ్గరికి వచ్చేసరికి నేను గొంతుతో అన్న స్వరానికీ, మెట్టు పలికినదానికీ మధ్య చిన్న ఎడం ఉంది. నాకు తెలిసింది.

"కొంచెం ఎక్కువ పలుకుతోందేమో," అన్నాను.

"లెక్క సరిగ్గానే వచ్చింది," అన్నారు జోరాన్ గారు.

"లెక్కకంటే నీ గొంతు గొప్పదా ఏమిటి?" అన్నారు మా ఆయన. కొత్త పెళ్ళికొడుకు, కొత్త ఇంజనీరు. రెండు అహంకారాలూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే. నాకు నేర్పింది అమ్మ అయినా, కాలిక్యులేటరుకు తల వంచాను.

బుధవారం సాయంత్రం టేపు రికార్డరు పెట్టి మోహన రాగం వాయించాను. అయ్యాక హమ్మయ్య అనుకుని కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగే లోపు ముందు గదిలోంచి ఎప్పుడూ వినని శబ్దం వినిపించింది. వెళ్ళి చూస్తే, జోరాన్ గారు వీణను అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని, రాక్ అండ్ రోల్ దంచుతున్నారు. కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో పాడుతున్నారు. మా ఆయన ఇడ్లీ పాత్ర బోర్లించి తాళం వేస్తున్నారు. అమ్మ వీణ మీద! ఆపుదామని ముందుకు వెళ్ళాను. కానీ ఆయన ముఖం చూస్తే ఆపమనడానికి నోరు రాలేదు. పదేళ్ళ తర్వాత తీగ ముట్టిన మనిషి ముఖం అది. అంతలో రెడ్డిగారు తలుపు కొట్టారు. హడావుడిగా క్యాసెట్టు తీసి ఇచ్చేశాం. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ మా ఆయన నోట్లో నురగతోనే అన్నారు: "సుభద్రా, రికార్డరు ఎవరూ ఆపలేదు."

గోరుచుట్టు మీద రోకటిపోటు. అప్పటికి రెడ్డిగారు బొంబాయిలో దిగి ఉంటారు.

నెల రోజులు నాకు అన్నం సయించలేదు. అమ్మ క్యాసెట్టు వచ్చిన రోజు మేము ముగ్గురం కలిసి విన్నాం. మూడో ముద్దాయి కూడా ఉండాలని మా ఆయన జోరాన్ గారిని పిలుచుకొచ్చారు. అమ్మ గొంతు సవరించుకుంది. వెనకాల కాకి అరిచింది.

"ఒలే సుభద్రా! మేళం ఎవరు కట్టేరే? ఇది మా బొబ్బిలాయన కట్టిన మేళం కాదు. దాయకు. మిగతాయన్నీ బాగున్నాయి, ఆ గాంధారం మాత్రం మెడ సాసి పొరుగింట్లోకి సూస్తంది. కిందకి దించు. ఇదిగో, ఇదీ గాంధారం." అని ఊపిరి ఉన్నంత సేపు ఆ ఒక్క స్వరం పట్టింది. ఆగి, మళ్ళీ అంది: "ఇంకోటి. ఆఖర్న ఎవరో మొగమనిసి నా ఈణని బల్ల వాయించినట్టు వాయించేడు. తానం చేసేడో లేదో నాకు తెలీదు. చెయ్యి మాత్రం మంచి చెయ్యి. శానాళ్ళు మానీసిన చెయ్యి అది, సేతి ఏళ్ళు తడబడతన్నాయి. మానొద్దని సెప్పు. ఏళ్ళు వంగినన్నాళ్ళే. తరవాత ఏడిసినా వంగవు."

నేను మాట మాటకీ ఇంగ్లీషు చెప్పాను. తిట్లు వస్తాయని కాచుకుని కూర్చున్న జోరాన్ గారు కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. ఆ గాంధారం ఇంకోసారి పెట్టమన్నారు. ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి. తర్వాత కత్తి వేడి చేసి తెచ్చి, అమ్మ గొంతు వింటూ ఆ మెట్టును వెంట్రుకవాసి వెనక్కి జరిపారు.

"లెక్క తప్పు కాదు, కోమ్షినిత్సా. లెక్కకి చెవులుండవు, అంతే," అన్నారు.

ఆ తర్వాత నెలలోనే పరికరాలు వచ్చిన చెక్కపెట్టె పలకలు కోసి ఆయన మళ్ళీ గిటారు చేసుకున్నారు. మైకుకి ప్లాంటులో పారేసిన టెలిఫోను బిళ్ళ. ఈసారి దొంగిలించలేదు, స్టోర్సులో కాగితం రాసి తీసుకున్నారు. నా వీణ మేళంలాగే దాని మెట్ల కొలతంతా పద్దెనిమిది లెక్కే, ఒక్కచోట తప్ప. ఆ ఒక్క తీగ కింద మెట్టును కోసి జరిపారు. ఆరేళ్ళు, ప్రతి గురువారం సాయంత్రం, ఆయన అయ్‌వార్‌తో వచ్చేవారు, నేను గోంగూర పెట్టేదాన్ని, కిటికీలు బిగించుకునేవాళ్ళం. మా ఆయన ఇడ్లీ పాత్ర వాయించడంలో బాగా పైకొచ్చారు. వెళ్ళిపోయేటప్పుడు జోరాన్ గారు ఒక్కటే అడిగారు, ఆ గాంధారం ఉన్న అమ్మ క్యాసెట్టు. అప్పటికి అమ్మ ఉంది. ఇంకా బోలెడు వస్తాయనుకుని ఇచ్చేశాను. తర్వాత రెండేళ్ళకి అమ్మ పోయింది. మిగిలిన క్యాసెట్లు కొన్ని బూజు పట్టాయి, కొన్నింటి మీద మేమే వేరేవి రికార్డు చేసుకున్నాం. ముప్పై ఏళ్ళకు పైగా అమ్మ గొంతు నేను వినలేదు. ఎంత వెతుక్కున్నానో నాకే తెలుసు.

ఇదంతా చెప్పేసరికి కాఫీ చల్లారిపోయింది. యెలేనా సంచీలోంచి చిన్న క్యాసెట్ ప్లేయరు తీసి, నా వైపు చూసి, బటన్ నొక్కింది. కాకి అరిచింది. "ఒలే సుభద్రా!" అంది అమ్మ.

లోపలి గదిలో కునుకు తీస్తున్న మా ఆయన "అత్తయ్యగారు!" అంటూ పరిగెత్తుకొచ్చి, లుంగీ సర్దుకుని నిటారుగా నిలబడ్డారు. డెబ్బై ఏళ్ళ మనిషి. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకు తెలియలేదు.

"మేమిది ప్రార్థన అనుకున్నాం," అంది యెలేనా. "తాతయ్య గిటారు తీసే ముందు ఎప్పుడూ ఇది వినేవాడు. మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు."

"ప్రార్థన కాదమ్మా. వీణ ముట్టుకున్నందుకు మా అమ్మ మీ తాతగారిని ఆరా తీస్తోంది," అని మొత్తం చెప్పాను. మానొద్దన్న మాట చెప్పినప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. బెల్‌గ్రేడ్ వెళ్ళాక ఆయన మళ్ళీ వేదిక ఎక్కారట. జుట్టు తెల్లబడ్డాక ఇంకో మూడు రికార్డులు చేశారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. అమ్మకి తెలిసి ఉంటే ఎంత మురిసిపోయేదో.

యెలేనా ఫోనులో ఆయన చివరి పాట పెట్టింది. వణుకుతున్న ముసలి గొంతు, కింద గిటారు. ఆ స్వరం రాగానే నేను ఏటా వెంట తెచ్చుకునే అమ్మ వీణను మా అమ్మాయి గదిలోంచి తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని, తీగలను ఆ పాట శ్రుతికి బిగించి గాంధారం మీటాను. మేళం ఈ నలభై ఏళ్ళలో బొబ్బిలిలో రెండుసార్లు కట్టించాం. అయినా ఆ పాటలోదీ, వీణ మీదదీ, క్యాసెట్టులో అమ్మదీ ఒక్కటే. సౌండ్ ఇంజనీరు కదా, ఆ పిల్లకి నేను చెప్పనక్కర్లేదు. అక్కడే నేల మీద నుంచే బెల్‌గ్రేడ్‌కి ఫోను చేసి వాళ్ళ భాషలో గట్టిగా ఏదో చెప్పింది. ముట్టుకోవద్దు అన్నదని గొంతును బట్టే తెలిసింది.

సాయంత్రం మా అమ్మాయి కారు నడుపుతూ మమ్మల్ని కచేరీకి తీసుకెళ్ళింది. దారిలో నమాజు వేళయినా కొట్లు తెరిచే ఉన్నాయి. ఇప్పుడు వీణను కారులో వదిలేద్దామన్నా సాకు లేదు. సముద్రపు ఒడ్డున, ఆరుబయట, మనిషెత్తు స్పీకర్లలోంచి గిటారు మోత నా పక్కటెముకల్లో తగులుతోంది. ముందు వరసల్లో సౌదీ ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ గెంతుతున్నారు. నాకు చాలా బాగుంది. తలుపు కింద తువ్వాలు కుక్కి వాయించుకున్నదీ బాగుండేది. ఏది ఎక్కువ బాగుందని అడిగితే, అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, అంతకంటే చెప్పలేను.

కచేరీ అయ్యాక యెలేనా వచ్చి ఫోను ముందు పెట్టింది. గిటారు పక్కన పెట్టే చీటీకి కొత్తగా రాయిస్తోందట. చెక్క: జుబైల్ నుంచి. మైకు: టెలిఫోను నుంచి. మెట్లు: జోరాన్. ఇంకో ఖాళీ వదిలి, "ఆ ఒక్క మెట్టు దగ్గర పేరు రాయాలి. మీ అమ్మగారి పేరేమిటి?" అంది.

"రాజ్యలక్ష్మి. విజయనగరం," అన్నాను. ఏ సభలోనూ వాయించని మా అమ్మ పేరును ఆ పిల్ల ఒక్కో అక్షరం అడిగి రాసుకుంది.

మా ఆయన వెనక నుంచి తొంగి చూసి, గొంతు సవరించుకున్నారు. "వీణ వాయించిన రోజు జోరాన్ బస్సు దిగి, స్నానం చేసే మనింటికి వచ్చాడు. తల తడిగా ఉండడం నాకు గుర్తుంది. అది కూడా రాయమను. అత్తయ్యగారు నిశ్చింతగా ఉంటారు."